పన్నెండడుగుల గోడ

“ఇది మా గోడ కాదమ్మా,” అన్నాడు ఢిల్లేశ్వరరావు, నమూనా ముక్కను బల్ల మీద వెనక్కి తోసేస్తూ.

కోటేశ్వరి ఆ ముక్కను చేతిలోకి తీసుకుంది. అది మూడో నమూనా. తాకేటా పేటలోని ఆ ఫ్లెక్సీ షాపులో ఆరేళ్లుగా ప్రింటుకి ఫైళ్లు సిద్ధం చేస్తోంది. షాపు బోర్డులు, సబ్బుల ప్రకటనలు, పెళ్లి బ్యానర్లు ఎన్నో చేసింది. ఇటుక గోడ ఫొటోను అసలు గోడంత సైజులో వేసిమ్మని అడిగినవాడు మాత్రం ఈ పెద్దాయన ఒక్కడే. పన్నెండడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తు. దాని మీద ఒక్క అక్షరం లేదు.

“స్క్రీన్ మీద సూడండి బాబాయ్. బాగానే ఉంది గదా?”

“స్క్రీన్ మీద బాగానే ఉంది. దీని మీద గులాబీ రంగు కొడతంది. మా ఇటిక ఇలగుంటాదేటి?”

ఆయన సంచిలోంచి నిజం ఇటుకనే తీసి బల్ల మీద పెట్టాడు. తన ఇల్లున్న చిమిండైంగ్ నుంచి రెండు బస్సులు మారి తెచ్చాడు దాన్ని. వంతెన దగ్గర సైనికులు సంచి తెరిపించి, ఇటుకెందుకని అరగంట నిలబెట్టారట. సైన్యం అధికారం లాక్కున్న ఆ రోజుల్లో ఫోన్లలో నెట్ ఆపేశారు కాబట్టి ఫొటోలు కూడా పెన్ డ్రైవులో వేసుకుని స్వయంగానే వచ్చాడు.

కోటేశ్వరి ఇటుకను మానిటర్ పక్కన పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది. స్క్రీన్ వెలుగుతుంది, సిరా వెలగదు. ఎరుపు తగ్గించింది. నలుపు కొంచెం కలిపింది. ఫైల్లో ఒక్కో ఇటుకా స్కేలుతో కొలిస్తే ఈ ఇటుకంతే రావాలి. బట్టయినా ఫ్లెక్సీ అయినా రోలు పదడుగులే కాబట్టి అతుకు తప్పదు. ఆ అతుకు ఇటుకల మధ్య సున్నపు గీతల్లోనే పడేలా మెట్లు మెట్లుగా కత్తిరించింది.

కానీ ఆయనకీ గోడ బొమ్మ ఎందుకో మాత్రం తెలియలేదు. ఆ వీధిలోనే రెండు ప్రింటింగు షాపులకు సీలు వేశారు, నిరసన ఊరేగింపుల బ్యానర్లు వేశారని. భయపడి యజమాని కో మిన్‌ని అడిగింది.

“అక్షరాలుంటే వార్డు ఆఫీసుకి చూపించాలి. గోడలో ఏం చదువుతారు? వేసెయ్,” అన్నాడు కో మిన్ బర్మీస్‌లో.

నాలుగో నమూనా చేతికివ్వగానే ఢిల్లేశ్వరరావు జేబులోంచి టార్చి తీశాడు.

“లైటార్పమ్మా.”

ఆమె ఆర్పింది. ఆయన టార్చి వేశాడు. ఫ్లెక్సీ మీద తెల్లటి మెరుపు చందమామలా లేచింది.

“సూసినావా? మెరిసిపోతంది. గోడ మెరుస్తాదేటి?”

“గోడని టార్చేసి ఎవులు సూస్తారు బాబాయ్?”

“మెరవకుండా అవుద్దా, అవ్వదా? అది సెప్పు.”

అవుతుంది, బట్ట మీద వేస్తే. అయితే బట్ట సిరా తాగేస్తుంది, రంగులన్నీ ముదురుతాయి. పని మళ్లీ మొదటికొచ్చింది. ఐదో నమూనాను ఆయన ఇటుక పక్కన పెట్టి ఎండలో చూశాడు, ట్యూబులైటు కింద చూశాడు, చీకట్లో టార్చి వేసి చూశాడు. తల ఊపి, చిన్నగా అడిగాడు.

“ఈ వాసన ఎన్నాల్లుంటాది?”

“రెండ్రోజులు గాలికారబెడితే పోతాది.”

“పక్కనే పడుకుంటే ఏటవదు గదా?”

“గోడ పక్కన ఎవులు పడుకుంటారు?”

“ఊరికే అడిగినాను,” అన్నాడు. గబగబా ఇటుకను సంచిలో పెట్టేసుకున్నాడు.

పెద్దాయనకి మతి చలించిందా? లేక తనను పరీక్షించడానికి ఎవరైనా పంపారా? పూర్తి గోడ ప్రింటు వేయించుకుని, బట్ట చుట్ట ఎత్తుకుని ఆయన వెళ్లిపోయాక కూడా కోటేశ్వరి ఎటూ తేల్చుకోలేకపోయింది.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. “ఒక్కసారి మా ఇంటికొచ్చి సూసెల్లు తల్లీ. నీ కన్నే కన్ను.”

రంగు తేడా వచ్చిందేమోనన్న బెంగతో ఆదివారం పొద్దున్నే బయల్దేరింది. చిమిండైంగ్ మార్కెట్ వెనక సందులో వార్డు ఆఫీసు మైకు బండి తిరుగుతోంది. సమ్మె చేస్తున్న నర్సులు డ్యూటీలో చేరాలని, వాళ్లకి చోటిచ్చినవాళ్లని జైల్లో వేస్తామని అరుస్తోంది. ఢిల్లేశ్వరరావు భార్య మంగాయమ్మ తలుపు తీసి, ఆమె లోపలికి రాగానే గడియ వేసింది.

వెనక గదిలో ఒక మంచం, ఒక బీరువా ఉన్నాయి. సున్నం వెయ్యని ఇటుక గోడలు. కోటేశ్వరి చుట్టూ చూసింది.

“బట్ట ఎక్కడ కట్టినారు బాబాయ్?”

“నువ్వే సెప్పమ్మా,” అంటూ ఆయన కిటికీ మూసి టార్చి ఆమె చేతికిచ్చాడు.

నాలుగు వైపులా వేసి చూసింది. అవే ఇటుకలు, అదే పాత ఎరుపు, కిందుగా అదే నాచు మరక. ఎక్కడా మెరుపు లేదు, అతుకు లేదు. మంచం వెనకున్న గోడ దగ్గరగా వెళ్లి పైనుంచి కిందకు వెలుగు జార్చింది. పదకొండు రోజులు ఇటుక ఇటుకనీ దిద్దిన కళ్లవి. ఆ కళ్లకు కూడా ఏమీ దొరకలేదు.

ఆమెకు విసుగొచ్చింది. “ఇయన్నీ అసలు గోడలే. మీరింకా కట్టనేలేదు. ఇంతదూరం ఎందుకు రప్పించినారు?”

ముసలివాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంగాయమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

సరిగ్గా అప్పుడే, కోటేశ్వరి మొహానికి జానెడు దూరంలో, ఆ గోడ లోపల్నుంచి పసిబిడ్డ కేరుమంది.