డౌటులో బి

"సెలిన్ సిస్టర్, ఈ ఇన్సులిన్ మీద నాకో డౌటండీ."

సిరంజి పట్టుకుని నిలబడింది దీవెనమ్మ. ఒమాన్‌లోని సోహార్ ఆసుపత్రిలో నర్సుగా చేరి ఆమెకిది తొమ్మిదో రోజు. వార్డు ఇన్‌ఛార్జి సెలిన్ తలెత్తలేదు. ఇంగ్లీషు పరీక్షలో తొమ్మిదికి ఎనిమిది బ్యాండ్లు తెచ్చుకున్న తల అంత తేలిగ్గా లేవదు.

"డౌటు కాదు, క్వశ్చన్. డౌటంటే అనుమానం. డాక్టరుగారిని అనుమానించడానికొచ్చావా కాకినాడ నుంచి?"

"అది కాదండీ, చార్టులో నలభై..."

"ఐ హావ్ ఎ క్వశ్చన్. అను."

"ఐ హావ్ ఎ క్వశ్చన్. ఆ పెద్దాయన పొద్దుట్నుంచి రెండు ఖర్జూరాలే తిన్నాడండీ. నలభై యూనిట్లు ఇచ్చేస్తే మళ్లీ లేస్తాడంటారా?"

వ్యాకరణం రానివాళ్లతో వేగే కష్టమంతా మొహం మీద పరిచి, సెలిన్ ఫోనందుకుంది.

"డాక్టర్, వి హావ్ ఎ క్వశ్చన్ రిగార్డింగ్..."

అవతలి మాట విన్నాక ఆ చక్కటి ఇంగ్లీషు మధ్యలోనే ఆగిపోయింది. ఫోను పెట్టేసి, డాక్టరు చీటీని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది.

"నాలుగు యూనిట్లేనట. నాలుగు పక్కన ఆయన రాసిన 'యు' నాకు సున్నాలా కనిపించింది. నేనే చార్టులో నలభై అని ఎక్కించాను."

దీవెనమ్మ సిరంజి ట్రేలో పెట్టేసి, పొరపాట్లు నమోదు చేసే రిపోర్టు ఫారం తీసింది.

"నాకు ఏమొచ్చిందని రాయమంటారండీ? క్వశ్చనా?"

సెలిన్ చార్టులో నలభై కొట్టేసి నాలుగు వేసింది.

"డౌటనే రాయి." అయినా అలవాటు ఊరుకోనివ్వలేదు. "మధ్యలో 'బి' ఉంటుంది. పైకి పలకదు."

"తెలుసండీ. నోరిప్పితే మీరు దిద్దుతారని దానికి భయం."