మూడో ఫిర్యాదు

ఇరవై రూపాయలు పడ్డాయి. నీళ్ల సీసా పడలేదు.

డోన్ జంక్షన్‌లో మిట్టమధ్యాహ్నం. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద ఫోన్‌తో డబ్బు కడితే సరుకు పడేసే తన మిషన్ తెరిచి బిస్కెట్లు సర్దుతోంది శివలీల. ఫోన్ టింగుమంది. తెర వైపు చూసింది. చేతిలోని అట్టపెట్టె జారి కిందపడింది. దాన్ని తీసేలోపే ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ఎవరో మగమనిషి.

“ఏమమ్మా, ఈ డబ్బా మింద ఉండే నంబరు నీదేనా? దుడ్లు మింగింది, సీసా ఇయ్యలా. మూడో నంబరు కాడ ఉండా. ఏం మోసమిది?”

“సార్, ఆడే ఉండండి. వస్తాండా.”

“ఎప్పుడొస్తావు? నా రైలు ఎదురుగానే నిలబడి ఉండాది. క్రాసింగంట. ఎప్పుడు కదుల్తాదో తెలీదు.”

మిషన్ తలుపు కూడా వేయకుండా శివలీల పరుగందుకుంది.

మూడో నంబరు మిషన్ మీద ఇప్పటికే రెండు ఫిర్యాదులున్నాయి. రెండుసార్లూ సీసా ఇలాగే స్ప్రింగులో ఇరుక్కుంది. ఇంకొక్కటి వచ్చిందంటే మిషన్ అక్కణ్నించి ఎత్తేయాల్సిందేనని పోయిన వారమే స్టేషన్‌వాళ్లు గట్టిగా చెప్పారు. ఆ మాట విన్నప్పటినుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. ఆమె మొట్టమొదటి మిషన్ అది.

నాలుగేళ్ల కిందట దాంతోనే మొదలుపెట్టింది. ఇప్పుడు ఏడయ్యాయి. డోన్, నంద్యాల, ఎర్రగుంట్ల, కడప. అన్నీ రైల్వే స్టేషన్లలోనే. మిషన్లు అమ్మే భూపేష్ ఎన్నోసార్లు తల పట్టుకున్నాడు.

“కాలేజీల్లో పెట్టక్కా, మూడింతలు అమ్ముడుపోతాది. పోనీ, వీటికి నోట్లు పెట్టే సందన్నా పెట్టిచ్చుకో. ఫోన్లు లేనోళ్లు నీళ్లు తాగరా ఏంది?”

“ఫోన్‌తో కొట్టేవాళ్లు చాల్లేప్పా” అనేది శివలీల.

ఎవరు ఏది కొన్నా, కొన్నవాళ్ల పేరుతో సహా ఆమె ఫోన్‌కు కబురొస్తుంది. అన్నం తింటూ కూడా ఎడమచేత్తో ఫోన్ తీసి ఆ పేర్లు చదువుకుంటుంది. వ్యాపారం మీద ఎంత ధ్యాసో అనుకుంటారు చూసినవాళ్లు.

వంతెన మెట్లు ఎక్కుతుంటే చెప్పు తెగింది. అక్కడే వదిలేసింది. ఎండకు మెట్లు పెనంలా కాలుతున్నాయి. ఫోన్ చెవికే ఉంది.

“సార్, ఉండారా?”

“ఉండాను లేమ్మా. నోరు పిడచగట్టుకపోయింది. ఇంగ సాలు, నీ సీసా నువ్వే తాగు. నేను పోయి రైలెక్కుతా.”

“వద్దు సార్! పోవద్దు!”

మెట్లు దిగుతున్నవాళ్లు తిరిగి చూశారు. ఆమె గొంతు తగ్గించుకుంది. “పైవాళ్లకు రాసి పంపాల సార్. మీ పూర్తి పేరు చెప్పండి.”

“అయ్యన్న.”

“ఇంటిపేరు?”

“నీళ్లకు ఇంటిపేరెందుకమ్మా?”

“రాయాల్సిందే సార్.”

“మూలింటి. చాల్నా?”

“సొంతూరు?”

“ఏం, పిల్లనిస్తావా? కోసిగి కాడ. ఊరిడిచి శానా కాలమాయ.”

శివలీల వంతెన కమ్మీ పట్టుకుని ఆగిపోయింది. దూరంగా గుంతకల్లు వైపు సిగ్నల్ పచ్చబడింది.

“అమ్మా, సిగ్నల్ పడింది. పోతాండా.”

“సార్, సార్! మిషన్ మింద ఎర్ర బటన్ ఉండాది చూడండి. దాన్ని నొక్కిపట్టి ముప్పై అంకెలు లెక్కపెట్టండి. వేలు తీసినారంటే మళ్లా మొదట్నించి లెక్కపెట్టాల.”

“ముప్పయ్యా? పెండ్లి మంత్రాలు గూడా ఇంత సేపు చదవరు కదమ్మా!” తిట్టుకుంటూనే నొక్కాడు. “ఒగటి... రెండు...”

రైలు కూత వేసింది. శివలీల రెండేసి మెట్లు దూకుతూ దిగుతోంది.

“పదకొండు... పన్నెండు... ఇది అయ్యేదేనా అమ్మా?”

“అయిపోతాది సార్. వేలు తీయొద్దు.”

“పంతొమ్మిది... ఇరవై... అయ్యో, కదిల్యా! రైలు కదిల్యా!”

ఆమె చేరేసరికి చివరి పెట్టె ప్లాట్‌ఫారం దాటిపోతోంది. మిషన్ ముందు ఓ మనిషి నిలబడి ఉన్నాడు. నెరిసిన మీసాలు, భుజాన సంచి. వేలు ఇంకా ఎర్ర బటన్ మీదే ఉంది. కళ్లు రైలు వెనకాలే పోతున్నాయి.

“నీ బటన్ మన్నుగాను! నా రైలు పాయ కదమ్మా!”

శివలీల అతని ముఖం వైపే చూస్తూ, ఫోన్ తెర మీద ఒక్కసారి నొక్కింది. మిషన్ లోపల స్ప్రింగు ఒక చుట్టు తిరిగింది. సీసా దభీమని పడింది.

అతను సీసానూ ఫోన్‌నూ మార్చి మార్చి చూశాడు.

“ఇది ఫోన్లోనే అయ్యే పనా? ఆడ్నించే నొక్కింటే నాకు రైలు అందేది కదా?”

“అందేది.”

అరుపులు విని స్టేషన్ ఉద్యోగి ఒకాయన వచ్చాడు. విషయమంతా విన్నాడు.

“ఇది మూడోదమ్మా శివలీలా. ఇంగ నా చేతుల్లో ఏం లేదు. మిషన్ తీసేయాల.”

“తీసేస్తా సార్. ఇంగ దీంతో పని లేదు.”

ఇరవై మూడేళ్ల కిందట ఇదే ప్లాట్‌ఫారం మీద భార్యనూ ఏడేళ్ల కూతురినీ కూర్చోబెట్టి, నీళ్లు పట్టుకొస్తానని వెళ్లి మళ్లీ తిరిగిరాని ఆ మనిషికి సీసా మూత తీసి అందిస్తూ, “తాగు నాయనా” అంది కూతురు.