కొట్లాట సూచన

ఉగాదినాడు పంచాంగం తర్వాత వసంతకాలపు వాతావరణ సూచన చదివి వినిపించడం మా కొల్లేటి లంకలో నా పని. ఇప్పుడా సూచనలో ఎండ, గాలి, వానలతోపాటు కొట్లాటలు కూడా వస్తున్నాయి.

"చైత్ర బహుళ విదియ సాయంత్రం వడగళ్లు. చేపల చెరువు గట్టు మీద మన లంకకూ పడమటి లంకకూ కొట్లాట," అని చదివాను. కూతురు సీతారత్నాన్ని ఇచ్చింది పడమటి లంకకే.

కొడుకు ఏడుకొండలు ఆ పూటే పడవగెడకు ఇనుప మొన బిగించాడు.

"ఒరే, అక్కడ నీ చెల్లెలుందిరా."

"వానొస్తుందంటే గొడుగు పట్టుకెళ్లవా అమ్మా? ఇదీ అంతే."

విదియ సాయంత్రం వడగళ్లు మొదలయ్యాయి. వడగళ్లు పడితే మేం చేపల గంప నెత్తిన బోర్లించుకుంటాం. అది మెడదాకా దిగుతుంది, ముఖం కనబడదు. మావాళ్లు గంపలతోనే గట్టు మీద కాపు కాశారు. నేనూ కొడుకు వెనకే పరుగెత్తాను.

పడమటి నుంచి ఒక పడవ వచ్చింది. గంప బోర్లించుకున్న మనిషి గట్టెక్కాడు. ఏడుకొండలు కడుపులో పొడిచాడు. మొన వీపులోంచి బయటికొచ్చింది. గంప దొర్లిపోయింది.

అల్లుడు భాస్కరం.

పడవలో దుప్పటి తొలగించుకుని నిండు నెలల సీతారత్నం లేచింది.

"మీవాళ్లు మా ఇళ్లమీద పడతారని భయపడ్డాడమ్మా. పుట్టింట్లో దింపుతానని తీసుకొచ్చాడు."

వడగళ్లు ఆగాయి.

"కొట్లాట కూడా వెలిసింది," అన్నారెవరో. అందరూ గంపలు తీసి దులుపుకుంటూ ఇళ్లకు నడిచారు.

నా కొడుకు మాత్రం గంప తీయలేదు.