పన్నెండో పేజీలో వాలు

"ర్యాంపుకీ స్లోపుకీ తేడా ఏమిటో ఒక్కసారి చెప్తారా?" అన్నాడు మేనేజరు, పుస్తకాన్ని బల్ల మీద అతని వైపు తిప్పి పెడుతూ.

అనువాదకుడు పుస్తకం వైపు చూశాడు. పొద్దున్న ఇక్కడి నుంచే ఫోన్ వచ్చింది. గోదాములో సరుకు బండి జారి ఒక మనిషి కాలు నుజ్జయింది, మీతో మాట్లాడాలి, రండి అన్నారు. అంతే. పనివాళ్ళ కోసం జాగ్రత్తల పుస్తకాన్ని ఇంగ్లీషులోంచి తెలుగు చేసింది తనే.

"స్లోపంటే వాలు. నేల వాలు, కొండ వాలు... ఏదైనా. ర్యాంపంటే కింది మట్టం నుంచి పై మట్టానికి బండ్లు ఎక్కడానికి మనం కట్టుకున్నది."

"గ్రేడియంటో?"

"అది ఎంత వాలో చెప్పే లెక్క. ఇంత దూరానికి ఇంత ఎత్తు అని."

"పిచ్ అని కూడా ఉంది కదా?"

"అది ఇంటి కప్పుకి వాడతారు. పక్కకి ఒరిగిన అక్షరాలకైతే స్లాంట్ అంటారు. నిటారుగా ఉండాల్సింది ఒరిగితే టిల్ట్..."

"అన్నీ తెలుసే మీకు!" మేనేజరు మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. "మరి ఇన్ని తెలిసినవారు, ర్యాంపుకీ స్లోపుకీ ఒకే మాటతో ఎలా సరిపెట్టారు?"

కారణం ఉంది. అప్పుడు అది అతనికి గర్వం కూడా. "ర్యాంపు" అని తెలుగులో రాయడం నామోషీ అనిపించింది. కనిపించినచోటల్లా దాన్ని కొట్టేసి "వాలు" అని రాసి, వాక్యం ఎంత నున్నగా వచ్చిందోనని మురిసిపోయాడు.

"పన్నెండో పేజీ చదవండి. పైకి."

"'వాలు మీద నిండు బండిని బ్రేకు వేసి నిలపవచ్చు.'"

ఆ గొంతు తనది కాదనిపించింది. ఇంగ్లీషులో అక్కడున్నది స్లోపు. వాన నీళ్ళు పోవడానికి ఆవరణలో ఉంచిన కాస్తంత వాటం. ర్యాంపు మీద మాత్రం నిండు బండిని ఎన్నడూ ఆపకూడదని తర్వాతి పేజీలో ఉంది. అక్కడా వాలు అనే రాశాడు. ఒక పేజీ ఆపవచ్చంటోంది, ఇంకో పేజీ వద్దంటోంది.

"మావాడు పన్నెండో పేజీతో సరిపెట్టుకున్నట్టున్నాడు," అన్నాడు మేనేజరు. "ర్యాంపు మధ్యలో బండి ఆపి, బ్రేకు వేసి, కిందివైపుకి వెళ్ళి సరుకు మీద కప్పిన పట్టా సర్దుతున్నాడు. మీదికొచ్చేసింది. మోకాలి కింద రెండెముకలూ పోయాయి."

"అతను... ఇది చదివాడా?"

"చదవకపోతే ఇంత కష్టపడి పుస్తకం వేయించడం ఎందుకండీ? తలా ఒకటి పంచాం."

జేబులో ఫోన్ మోగింది. భార్య. వరండాలోకి వెళ్ళి ఎత్తాడు.

"ఏమంటున్నారు?"

"నా మాట వల్లే జరిగిందట."

"మీ మాట ఇంట్లోనే చెల్లదు, గోదాములో బండి వింటుందా?"

"నవ్వకు. మనిషి కాలు పోయింది."

"నవ్వడం లేదు. మీ సంగతి తెలిసే చెప్తున్నా. దర్జీ చొక్కా బిగుతుగా కుడితే, నేనే ఒళ్ళు చేశానని క్షమాపణ చెప్పి వచ్చిన మహానుభావులు మీరు. నేను వచ్చేదాకా దేని మీదా సంతకం పెట్టకండి."

సరేనన్నాడు. కానీ తిరిగి వచ్చి కూర్చోగానే ఆ 'సరే' ఎక్కడికో పోయింది. చిన్నప్పుడు తరగతిలో ఎవరి పెన్ను పోయినా, తీసినవాడికంటే ముందు తన మొహం పాలిపోయేది. ఎక్కడ ఏ తప్పు జరిగినా తన కోసం ఒక కుర్చీ ఖాళీగా ఉంచినట్టే ఉండేది. ఇప్పుడు కూర్చున్నది ఆ కుర్చీలోనే.

మేనేజరు ఒక కాగితం ముందుకు జరిపాడు. 'ప్రమాదానికి కారణం నా అనువాద దోషమేనని ఒప్పుకుంటున్నాను.'

"ముందే టైపు చేయించారా?"

"మీకు శ్రమ ఎందుకని."

ఇక తనకెవరూ పని ఇవ్వరు. కేసు కూడా పెట్టవచ్చు. అయినా అతని కళ్ళ ముందు ఉన్నది కాలు ఒక్కటే. సంతకం పెట్టాడు.

"ఒక్క ఉపకారం చెయ్యండి," అన్నాడు. "పంచిన కాపీలన్నీ తెప్పిస్తే ఇక్కడే కూర్చుని పన్నెండో పేజీ నా చేత్తో దిద్దుతాను. ఇంకో కాలు పోకూడదు."

"అవన్నీ మేం చూసుకుంటాం. మీరు బయల్దేరండి." కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాడు మేనేజరు.

మెట్లు దిగాడు. ఎదురుగా ర్యాంపు. మధ్యలో నిండు బండి. దాని కిందివైపు వంగి, చక్రం దగ్గర ఏదో ఏరుకుంటూ ఒక మనిషి.

"తప్పుకోండి! అక్కడ ఆపకూడదు!" పరిగెత్తుతూ అరిచాడు.

ఆ మనిషి తాపీగా లేచి నవ్వాడు. "ఎప్పుడూ ఇలాగే కదా సార్ ఆపేది! బ్రేకు వేశాలెండి."

బ్రేకు వేసి నిలపవచ్చు. తన వాక్యమే ఆ మనిషి నోట్లోంచి వచ్చినట్టనిపించింది అతనికి. ఎంతమంది బుర్రల్లో కూర్చుందో ఆ పేజీ! బండిని పై దాకా నెట్టించి, తిన్నగా స్టోరు గదికి పోయాడు. కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ డబ్బాలకి చీటీలు అతికిస్తోంది.

"అమ్మా, పనివాళ్ళకి పంచిన జాగ్రత్తల పుస్తకాలు... ఎవరెవరి దగ్గరున్నాయో కాస్త చెప్తారా? ఒక పేజీ దిద్దాలి. చాలా అవసరం."

"నీలం అట్టవేనా బాబూ?"

"అవునమ్మా, అవే."

"ఎవర్నో అడగడం దేనికి, రండి." ఆవిడ వెనక గది తలుపు తోసింది. చీపుళ్ళు, ఖాళీ డబ్బాలు పక్కకి జరిపింది. గోడ వారగా, ప్రెస్సు పేరున్న కాగితాల్లో చుట్టి, నడుమెత్తున పేర్చి ఉన్నాయి పుస్తకాలు.

ఒక్క కట్టకీ తాడు విప్పలేదు.