రాతిపొడి వేవిళ్ళు

మా కోడలు అలువోచ్ కిసుము సంత నుంచి రాతిపొడి మూట మోసుకొచ్చి వాకిట్లో దించేసరికి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. పిల్ల మొహం పాలిపోయింది.

పాలిపోదా మరి? నేలలో సత్తువ లేక మొక్కజొన్న మోకాలెత్తులోనే ఎండిపోతోంది, ఈ పొడి చల్లుదామని అది అంతకుముందే కాళ్ళావేళ్ళా పడింది. "మా అత్త చేలోంచి ఏరి పారేసిన రాళ్ళను నువ్వు కొనుక్కొచ్చి పోస్తావా? నేనుండగా జరగదు!" అని ఊరందరి ముందూ అరిచింది నేనే.

"మూటలో ఏంటక్కా?" అంది పక్కింటామె.

కోడలి మూతికి తెల్లగా పొడి అంటుకుని ఉంది. "కనబడటంలా? తినే రాయి! పిల్లకి వేవిళ్ళు!" అన్నాను.

మా వైపు కడుపుతో ఉన్నవాళ్ళు రాయి తింటే ఎవరూ కాదనరు. అందరూ సంతోషంగా కూతలు వేశారు. కోడలు సిగ్గుపడుతున్నట్టు తల వంచుకుని కడుపు మీద చెయ్యేసుకుంది. ఆనాటి నుంచి చేప తలకాయ దానికే.

"మూట తరిగిపోతోందేమే?"

"ఆకలెక్కువైంది అత్తయ్యా."

నిన్న పక్కింటామె మళ్ళీ వచ్చింది. "మొక్కజొన్న నీ నెత్తి దాటింది. కోడలి కడుపు కనబడదేం?"

"లోపలికి పెరుగుతోంది" అన్నాను.

ముసలిదాన్ని మోసం చేశానని అలువోచ్ మురిసిపోతోంది. మురవనీ. మూటెడు రాయి ఎవరు తింటారు, చేను తప్ప? అరిచిన మాట వెనక్కి తీసుకోలేక ఆ వేవిళ్ళు పుట్టించింది నేనే.

వచ్చే ఏడు రెండు మూటలు కావాలట. కవలలని చెప్పాలి.