బాగుందండి, ఆయ్!

“బ్రహ్మాండంగా ఉందన్నారు కదే అందరూ!” అంటూ నెత్తి పట్టుకున్నాడు వీరబాబు.

“అన్నారండి. ఇదిగో చూడండి, ఏం చేసేరో!” దుర్గాశ్రీ బండి కింద చెత్తబుట్ట బయటికి లాగింది. దాన్నిండా సగం కొరికి వదిలేసిన బర్గర్లు. “మన రాజోలులో మొహమ్మీద బాగోలేదని ఎవరంటారండీ? కాలు తొక్కినా ‘పర్లేదండి’ అంటారు.”

వీరబాబుకి ఏడుపొక్కటే తక్కువ. కువైట్లో నేర్చుకున్న పని ఇది. ఇక్కడ సాగకపోతే మళ్లీ పెళ్లాం దుర్గాశ్రీని వదిలి విమానం ఎక్కాల్సిందే. వస్తాడో రాడో ఈ సాయంత్రం తేల్చి చెప్పమన్నాడు వీసా ఏజెంటు.

“ఆ చప్పిడి కూర ఎవరిక్కావాలి, లేవండి!” దుర్గాశ్రీ కొంగు దోపింది. కైమాలో బొబ్బర్లు వేసి, పచ్చిమిర్చీ ఎండుమిర్చీ దంచి పోసి, చింతపండు పులుసు తగిలించి కుతకుతా ఉడికించింది. రుచి చూడ్డానికని రెండే రెండు బర్గర్లు చేసి, మీద గరిటెడేసి కూర పోసింది.

అంతలో గంగాధర్‌గారు కొత్త అల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన వీధికుక్కని కూడా ‘తప్పుకోండి’ అనే రకం. ఇక అల్లుడంటే చెప్పాలా! స్టూలు తన కండువాతో తుడిచి కూర్చోబెట్టారు.

“ముందు అల్లుడుగారికి ఇవ్వండి, వీరబాబుగారూ!”

అల్లుడు కాస్త కొరికి, ముక్కు ఎగబీల్చి, “చాలా బాగుందండి” అన్నాడు.

మళ్లీ అదే మాట!

గంగాధర్‌గారు కూడా తినడం మొదలుపెట్టారు. కళ్లంట నీళ్లు, నెత్తిమీద చెమట. అంతటి ఆయనే బాగుందనలేదంటే ఇంకేముంది, కొంప మునిగినట్టే. వీరబాబు సెల్‌ఫోన్ తీసి ఏజెంటు నంబరు నొక్కాడు.

“ఇంకోటి ఇవ్వండి!” అన్నారు గంగాధర్‌గారు.

“అయిపోయినాయండి. రెండే చేసేమండి, ఆయ్” అంది దుర్గాశ్రీ.

ఆయన చూపు పక్కకి తిరిగింది.

“ఇటు తేవయ్యా! ఇంటిదగ్గర మీ అత్తయ్య నీకు బూరెలు వండిందిలే!”

ఫోన్లో ఏజెంటు పలికాడు. “ఏం వీరబాబూ, వస్తున్నావా?”

“రానండీ!” గొంతు చించుకుని అరిచాడు వీరబాబు. “మా గంగాధర్‌గారు అల్లుడి ఎంగిలి లాక్కుని తినేస్తున్నారండి, ఆయ్!”