రెండు నోళ్ల మిషన్

ల్యాబులో గ్యాస్ సిలిండర్ మళ్లీ తొందరగా ఖాళీ అయింది.

హైదరాబాద్‌లో ఎవరో వదిలించుకున్న పాత మిషన్‌ను మహబూబ్‌నగర్‌లోని ఈ ప్రైవేటు ల్యాబు తెచ్చుకుంది. దానికి పైన పక్కపక్కనే రెండు నోళ్లు. ఒక నోట్లో సూదితో శాంపిల్ ఎక్కిస్తే, గ్యాస్ దాన్ని లోపలికి మోసుకుపోతుంది. నీళ్లలో రసాయనం ఉంటే తెర మీద గీత పైకి లేస్తుంది. రెండో నోటితో పనే లేదు. అయినా గ్యాస్ దానికీ పోతోంది.

"డానియల్ అన్నా, ఎడమ దిక్కుది మనం వాడుతలేం. దాని వాల్వు జర బంద్ చెయ్యి" అంది స్నేహలత మేడం.

డానియల్ అక్కడ అటెండరు. పదో తరగతి తప్పాక సీసాలు కడగడంలో పడ్డాడు. మిషన్ వెనక్కి వెళ్లి వాల్వు తిప్పేశాడు.

"నేను గూడ గీ రెండో నోరు లెక్కనే మేడం. పని లేదు, తినుడే. నన్నెప్పుడు బంద్ చేస్తరో."

మేడం నవ్వింది. "మీ బోరు నీళ్లు తెచ్చినవా?"

తెచ్చాడు. ఊరి పైన రంగుల ఫ్యాక్టరీ పడ్డప్పటి నుంచి ఆ నీళ్లు అదో రకం వాసన. నీళ్లు చెడ్డవని తేలితే ఊళ్లో ఒక్క పూట ఉండనంది భార్య మెర్సీ. రేకులు పీకి స్లాబు వేసుకున్న ఇల్లు. దాన్ని విడిచి కిరాయి గదిలో పడుండటం డానియల్ వల్ల కాదు.

మేడం సూది గుచ్చింది. డానియల్ తెర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రిజల్టు అంటే నాకు గిప్పటికీ భయమే మేడం. ఫెయిలవుడు అలవాటైన పానం."

గీత లేవలేదు. చివరిదాకా నున్నగా సాగింది.

"ఏం లేదన్నా. సాఫ్‌గున్నయి."

"మరి వాసన?"

"మిషన్‌కైతే ఏం దొరకలే."

ఇంటికి పోయి సంగతి చెబితే మెర్సీ మూతి తిప్పింది. "మీ మిషన్‌కు ముక్కు లేదా ఏందయ్యా?"

"నన్ను నమ్మకు, నేను పది తప్పినోన్ని. మిషన్ తప్పలే గద. వాసన నీళ్లల్ల లేదు, మన ముక్కులల్ల ఉంది."

చెంబు నిండా ముంచుకుని గటగటా తాగాడు. మీసం తుడుచుకున్నాడు. మెర్సీ కూడా ఓ గ్లాసు తాగింది. కిరాయి గది ఊసు ఇక ఎత్తలేదు.

మేడం ఎడమ దిక్కు అన్నది మిషన్ ముందు కూర్చుని. డానియల్ ఎడమ దిక్కు వాల్వు కట్టేసింది మిషన్ వెనక నిలబడి.